జల్లెడ తీశారా?

పోయిన వారం ఒక పొద్దున్న నా పాత వార్తల షీటు తెరిచాను. ముప్పై ఏళ్లలో రాసినవాటిలో ఏ కత్తిరింపు ఏ అట్టపెట్టెలో ఉందో కంప్యూటర్లో రాసిపెట్టుకున్న జాబితా అది. తెరిచేసరికి గళ్ల గీతలు లేవు. పైన ఉండే బొమ్మల పట్టీ లేదు. బాణం మీట నొక్కితే ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లవలసింది పోయి కాగితం మొత్తం పైకి జారిపోతోంది. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది. ఆవిడ నోరు తెరవకముందే "నేనేం నొక్కలేదు" అన్నాను.

అన్నాక ఆయన గుర్తొచ్చారు.

కంప్యూటర్లో షీటు పాడైందని పిలిస్తే వచ్చేవాళ్లు ఏలూరులో చాలామంది ఉన్నారు. వాళ్లలో "ఏం నొక్కారు?" అని అడగని మనిషి నాకు తెలిసి ఆయనొక్కరే. ఎందుకు అడగరని ఒకసారి నేనే అడిగాను. "అడిగితే ఏమీ నొక్కలేదనే అంటారండి. వాళ్ల చేత అబద్ధం ఆడించడం దేనికి?" అన్నారు.

ఆయన పోయి రెండు నెలలయింది. సమాధుల తోటలో జరిగిన ప్రార్థనకు వెళ్లాను. వచ్చినవాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు షీటు తెరిచి గుండె జారిపోయినవాళ్లే.

పవర్‌పేటలో ఒక జిరాక్సు దుకాణం మీద ఆయన గది. మెట్ల మీద ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాలి. బోర్డు లేదు. 'షీటు మాస్టారు' ఎక్కడని అడిగితే కింద దుకాణంలోవాళ్లు పని ఆపకుండానే బొటనవేలు పైకి చూపించేవాళ్లు. గదిలో రెండు కంప్యూటర్లు, ఒక స్టూలు, చర్చివాళ్లు ఇచ్చిన క్యాలెండరు. ఆయన పొట్టి చేతుల తెల్ల చొక్కా వేసేవారు. జేబులో కలం ఉండేది కాదు, దువ్వెన ఉండేది. తల మీద దువ్వడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆ దువ్వెనతో కీబోర్డు మీటల సందుల్లోంచి దుమ్ము తీసేవారు. అన్నం మెతుకులు, సాంబ్రాణి బూడిద, ఒకసారి మా ఆఫీసు కీబోర్డులోంచి ఎవరిదో ముక్కుపుడక సీల కూడా తీశారు.

పిలిచినచోటికి వచ్చి ఎవరి కుర్చీలోనూ కూర్చునేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని మన కుర్చీ వెనక నిలబడేవారు. మౌసు ముట్టుకునేవారు కాదు. "మీరే నొక్కండి. నేను నొక్కితే నాకొస్తుంది గానీ మీకు రాదు" అనేవారు. నేను ఆయన్ని మొదటిసారి చూసిన సాయంత్రం మా డెస్కు మీద మండలాల వర్షపాతం షీటులో అంకెలన్నీ మాయమై, వాటి స్థానంలో కూడికల సూత్రాలు కనబడుతున్నాయి. పేజీ వదలడానికి గంట కూడా లేదు. ఆయన మెట్లెక్కి వచ్చి, తెర వంక ఇంకా చూడకుండానే అన్న మాట ఇది:

"ఎక్కడికీ పోలేదండి. కనబడటం లేదు, అంతే."

ఎడమ చేతి పక్క మూలనున్న మీట ఒకటి చెప్పారు. దాన్ని ఇంకో మీటతో కలిపి నొక్కాను. అంకెలు తిరిగొచ్చాయి. నేను కృతజ్ఞతలు చెబుతుంటే ఆయన దువ్వెన తీసి నా కీబోర్డు వంక చూస్తున్నారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. తాడేపల్లిగూడెంలో విన్నాను, కైకలూరు ఐసు దుకాణాల్లో విన్నాను, చింతలపూడి నుంచి ఎవరో ఫోన్‌లో ఏడుస్తుంటే ఇక్కడ ఆయన నోట విన్నాను. పోలేదండి. కనబడటం లేదు, అంతే.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక వ్యాపారి దగ్గరికి ఆయన వెళ్తుంటే, నాకూ అటు పని ఉండి తోడు వెళ్లాను. ఆ వ్యాపారి లారీల రాకపోకలు రాసుకునే షీటు తిరగబడిపోయింది. ఎడమ చివర ఉండాల్సిన గళ్లు కుడి చివరకు వెళ్లాయి. మాకంటే ముందే వాస్తు చూసేవాడు వచ్చి, కంప్యూటరు బల్లను ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపించి వెళ్లాడు. అది జరిపాకే ఇలా అయిందో, ఇలా అయ్యాకే జరిపారో వ్యాపారికీ గుమాస్తాకూ మధ్య వాదన నడుస్తోంది.

"బల్లకీ దీనికీ సంబంధం లేదండి. అరబ్బు దేశాలవాళ్లు కుడి నుంచి ఎడమకు రాస్తారు కదండీ, ఆ పద్ధతిలోకి వెళ్లింది" అన్నారు మాస్టారు.

"మన లారీలు నాసిక్ నుంచి వస్తాయి గానీ అరబ్బు దేశాలకి ఎందుకెళ్తాయండీ?" అన్నాడు వ్యాపారి, నిజంగానే అర్థం కాక.

మాస్టారు నవ్వలేదు. ఆయన్ని నమ్మి అడిగిన ఏ ప్రశ్నకూ నవ్వేవారు కాదు. ఎక్కడ నొక్కాలో చెప్పారు. షీటు మళ్లీ మనవైపు తిరిగింది. బల్ల మాత్రం జరిపినచోటే ఉండిపోయింది.

పెంటపాడు దగ్గర ఒక బడి పెద్ద టీచరుగారి సంగతి ఆయనే చెప్పారు. పిల్లల పుట్టిన తేదీలున్న వరస మొత్తం ఒక్క తేదీ లేకుండా అడ్డగీతలూ నిలువుగీతలూ అల్లుకున్న చాపలా అయిపోయిందట. పై ఆఫీసుకు పంపాల్సిన రోజు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారట. ఈయన వెనక నిలబడి, "చోటు చాలక అలా ముడుచుకున్నారండి. కాస్త జరిగి కూర్చుంటే అందరూ కనబడతారు" అన్నారట. గడి అంచు పట్టుకుని ఆవిడ పక్కకు లాగగానే తేదీలన్నీ వచ్చేశాయి. బస్సులో సీటు దగ్గర వినే మాట అక్కడ వినబడేసరికి ఏడుస్తున్నావిడకు నవ్వొచ్చిందట. ఇది చెబుతున్నప్పుడు మాత్రం ఆయన కూడా కొంచెం నవ్వారు.

షీటు భాషలోని ఇంగ్లీషు మాటల్ని ఆయన పలికేవారు కాదు. పలకడం రాక కాదు. దాచిన వరస 'ముసుగేసుకుంది'. కదలకుండా బిగించిన పై వరస 'తల కట్టేసింది'. కావలసినవాళ్లనే ఉంచి మిగతావాళ్లను తెర మీంచి తప్పించే ఏర్పాటు ఉంటుందే, దానికి ఆయన మాట 'జల్లెడ'. షీటుల గొడవల్లో సగం ఆ జల్లెడ వల్లే వస్తాయనేవారు. ఎవరో ఏదో వెతకడానికి జల్లెడ పెడతారు, పని అయ్యాక తీయడం మరిచిపోయి మూసేస్తారు. మర్నాడు తెరిచినవాడికి సగం ఊరు కనబడదు. అందుకే ఆయన గదిలో నేర్చుకున్నవాళ్లు షీటు మూసే ముందు వెనక నుంచి ఒక ప్రశ్న వచ్చేది. "జల్లెడ తీశారా?" లైటు ఆర్పారా, గొళ్లెం పెట్టారా అన్నట్టుగా, ప్రతిసారీ.

దాన్ని కనిపెట్టే ఉపాయం కూడా చెప్పేవారు. తెర ఎడమ అంచున షీటు తనంతట తాను వేసుకునే అంకెలు ఉంటాయి. అవి చదవమనేవారు. ఎక్కడ పదమూడు తర్వాత పదిహేడు వచ్చిందో అక్కడ మూడు వరసలు కళ్లకు కనబడకుండా ఉన్నాయన్నమాట. అంకెలు నీలంగా మారితే జల్లెడ ఉన్నట్టు. "పక్క అంకెలు అబద్ధం చెప్పవండి" అనేవారు. దానిలో ఒక లోటుంది. ఆ పక్క అంకెలు తెర మీద ఉంటాయి గానీ, ప్రింటు తీస్తే మామూలుగా కాగితం మీదకు రావు.

ఇక ఆయన గొప్పగా చెప్పుకునే పని ఒకటుండేది. ఆఫీసుల్లో జాబితా అంటే వరస నంబరు తెగకూడదు. ఇరవై తర్వాత ఇరవై నాలుగు వస్తే సంతకం పెట్టే అధికారి కాగితం వెనక్కి విసిరేస్తాడు. అందుకని ఆయన ఒక సూత్రం రాశారు. జల్లెడ పెట్టినా, వరసలకు ముసుగేసినా, కనబడుతున్నవాటికే ఒకటి, రెండు, మూడు అని నంబర్లు మళ్లీ వాటంతట అవే పడతాయి. ఎలా ప్రింటు తీసినా వరస తెగదు. ఆ సూత్రం కోసం గూడెం నుంచి, భీమడోలు నుంచి గుమాస్తాలు వచ్చి రాయించుకుపోయేవాళ్లు. నా కత్తిరింపుల షీటులోనూ ఆయనే పెట్టారు. ఆ రోజు ఆయన ముఖంలో కనబడిన తృప్తి, చొక్కాకు ఇస్త్రీ చేసి మడత విప్పి చూసుకున్నవాడి తృప్తి.

అప్పట్లో ఆయన పగలు ఒక మండల ఆఫీసులో కాంట్రాక్టు మీద ఆపరేటరుగా ఉండేవారు. సాయంత్రాలే గది. ఆ ఆఫీసు ఏదో రాయను. కొల్లేటి లంక ఊరొకటి దాని కిందకు వస్తుంది, ఆ ఊరి పేరు కూడా రాయను.

ఆ యేడు బుడమేరు, తమ్మిలేరు ఒకేసారి కొల్లేట్లోకి దిగాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రం దాకా లాక్కెళ్లలేకపోయింది. చేపల చెరువుల గట్లు తెగి, గట్టేదో చెరువేదో తెలియని నీళ్లు. లంకలో డెబ్బై ఒక్క ఇళ్లు. మధ్యాహ్నంలోగా ఊరు ఖాళీ చేయించాలని ఇంజను పడవలు సిద్ధం చేశారు. ఇళ్ల జాబితా మాస్టారి కంప్యూటర్లో ఉంది. ఎవరింట్లో ఎంతమంది, ముసలివాళ్లున్నారా, నీళ్ల మీద తిరగడానికి సొంత దోనె ఉందా లేదా, అన్నీ గళ్లలో రాసి ఉన్నాయి.

ఎన్ని పడవలు పంపాలో తేల్చడానికి పైనుంచి అడిగారు, సొంత దోనె లేని ఇళ్లెన్ని అని. ఆయన జల్లెడ పెట్టారు. అరవై రెండు అని చెప్పారు. వెంటనే ఇంకో ఊరి గురించి ఫోను వచ్చింది. ఆ ఫోను చెవి దగ్గర ఉండగానే, పడవలవాళ్లు బయల్దేరుతున్నారు, జాబితా ప్రింటు కావాలని గుమ్మంలోంచి ఎవరో కేకేశారు. ఆయన ప్రింటు ఇచ్చారు.

ఒకటి నుంచి అరవై రెండు దాకా వరస తెగని కాగితం. పడవవాళ్లు ప్రతి ఇంటి ముందూ పేరు పెట్టి పిలిచారు, ఎక్కినవాళ్లకు టిక్కు పెట్టారు. అరవై రెండు టిక్కులు పూర్తయ్యాయి. ఊరు ఖాళీ అని చెప్పి వచ్చేశారు. దోనెలున్న తొమ్మిది ఇళ్లూ ఆ కాగితంలో లేవు. ఎనిమిది ఇళ్లవాళ్లు తమ దోనెల్లో తామే రోడ్డు మీదకు చేరుకున్నారు. తొమ్మిదో ఇంటి దోనెను కొడుకు ముందు రోజే చెరువు కాపలాకు తీసుకుపోయాడు, నీళ్లు పెరిగి అటే చిక్కుకుపోయాడు. ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది. వానలో ఎవరి గోల వారిది. ఆవిడ కొడుకుతో పోయిందని ఒకరనుకున్నారు, పెద్ద పడవ ఎక్కిందని ఇంకొకరనుకున్నారు. మూడో రోజు నీళ్లు తగ్గి కొడుకు ఇల్లు చేరేసరికి ఆవిడ అటక మీద ఉంది. పక్కన ఖాళీ మంచినీళ్ల చెంబు ఉంది.

ఆఫీసు నుంచి వెళ్లిన నివేదికలో ఆవిడ చావు గురించి ఒక్క వాక్యం రాశారు. పిలిచినా రాలేదు అని. అదే వాక్యం మా పేపర్లో వచ్చింది. రాసింది నేనే. ఫోన్‌లో చెప్పారు, రాశాను. వరద రోజుల్లో అలాంటివి పది రాశాను, ఏదీ వెళ్లి చూడలేదు.

వారం తర్వాత కొడుకు మా ఆఫీసుకు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. కాళ్లకు పాచి పట్టి వేళ్ల సందులు తెల్లగా ఒరిసి ఉన్నాయి. పేపరు ముక్క మడతలు విప్పి నా బల్ల మీద పెట్టి, ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"మా అమ్మని పిలిచిందెవరండి?"

అతనే మళ్లీ చెప్పాడు. ఊళ్లో అందరూ ఆ ముక్క చదివారట. మొండి మనిషి, ఇల్లొదిలి రానని పంతం పట్టి పోయిందని చెప్పుకుంటున్నారట. ఎవరైనా పిలిస్తే చాలు, చేతిలో పని వదిలేసి వెళ్లే మనిషట ఆవిడ. "పోయింది ఎలాగూ పోయింది. రానంది అన్న మాట తీసెయ్యండి. అంతకంటే ఏం అడగనండి" అన్నాడు.

పడవవాళ్ల కాగితం ఫొటో సంపాదించాను. అది పట్టుకుని ఇద్దరం మాస్టారి ఆఫీసుకు వెళ్లాం. ఆయనకైతే తెలుస్తుందనుకున్నాను తప్ప, అది ఆయన చేతిలోంచి వచ్చిన కాగితమని నాకు తెలియదు. ఆయన ఫొటోను చాలాసేపు చూశారు. వరస బాగానే ఉంది. తర్వాత తన కంప్యూటర్లో షీటు తెరిచారు. ఆ రోజు మూసింది మూసినట్టే ఉంది. ఎడమ అంచున అంకెలు నీలంగా ఉన్నాయి. ఆయన వాటి మీద వేలు పెట్టి పైనుంచి కిందకు, మనకు చెప్పే పద్ధతిలోనే, చదువుకుంటూ వచ్చారు. ఒకచోట వేలు ఆగింది. పక్కన కుర్చీ లేదు. గోడకు ఆనుకున్న ఫైళ్ల కట్ట మీద కూర్చున్నారు. ఇంకొకరు ఎదురుగా ఉండగా ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

"జల్లెడ తియ్యలేదండి. నేనే" అన్నారు.

కొడుక్కి ఆ మాట అర్థం కాలేదు. నా వంక చూశాడు. ఆయన లేచి, తెర దగ్గరికి పిలిచి, జల్లెడ తీసి చూపించారు. అరవై రెండు డెబ్బై ఒకటయింది.

"మా అమ్మ ఎన్నో నంబరండి?" అని అడిగాడతను.

"ముప్పై ఎనిమిదండి."

అతను నా ఫోన్‌లోని ఫొటో వంక వేలు చూపించాడు. "ఇందులో ముప్పై ఎనిమిది ఉందిగదండి."

"అది పక్కింటివారిదండి. మీ అమ్మగారు లేరు కదా అని వాళ్లు జరిగి వచ్చేరు" అన్నారు ఆయన. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకోవడం చేతకానట్టు పక్కలకు వేలాడుతున్నాయి.

విచారణకు జిల్లా నుంచి ఒక అధికారి వచ్చారు. ముందు రోజు ఆఫీసులో మాస్టారికి అందరూ ఒకటే సలహా చెప్పారు. సిస్టమ్ ప్రాబ్లం అని రాసేయమని. సూపరింటెండెంటు నా ముందే అన్నాడు, "సిస్టమ్‌కి పెళ్లాం పిల్లలు లేరండీ మాస్టారూ. దాన్ని ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యరు. దాని మీద రాసేద్దాం." మాస్టారు తల ఊపారు. ఒప్పుకున్నారనే అందరూ అనుకున్నారు.

విచారణ రోజు తలుపు తీసే ఉంది. నేనూ ఆ కొడుకూ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. లోపల అధికారి కాగితాలు తిరగేసి, అలసిపోయిన గొంతుతో, ఏలూరులో మాస్టారొక్కరే ఎవరినీ అడగని ఆ ప్రశ్న ఆయన్నే అడిగారు.

"మీరేం నొక్కారు?"

సూపరింటెండెంటు దగ్గాడు.

"సొంత దోనె గడి దగ్గర జల్లెడ పెట్టేనండి. లేదు అన్నవాళ్లనే ఉంచేను. ఎంతమందో ఫోన్‌లో చెప్పేను. ఇంకో ఫోనొచ్చింది. తియ్యకుండా ప్రింటు నొక్కేను."

"ప్రింటు సరిచూసుకోలేదా?"

"చూసుకున్నానండి. వరస ఎక్కడా తెగలేదు. తెగకుండా ఉండేలా పెట్టింది కూడా నేనేనండి."

అధికారి కలం ఆపి అడిగారు, సిస్టమ్‌లో లోపం ఉందని ఇక్కడ రాసి ఉందే, అది కాదా అని.

"సిస్టమ్ ఏం చెయ్యలేదండి. చెప్పింది చేసింది."

తర్వాత మాస్టారే మాట్లాడారు. తన మీద ఏది రాసినా సంతకం పెడతానని, ఆవిడను పిలిచినా రాలేదన్న వాక్యం మాత్రం కొట్టేయమని అడిగారు. నివేదికలో ఆ వాక్యం రాసిందెవరో ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ తల ఎత్తలేదు. అధికారి కొట్టేశారు. కొట్టేసినచోట ఏం రాయాలని అడిగితే మాస్టారు చెప్పారు, ఆమెను ఎవరూ పిలవలేదు అని.

మర్నాడు మా పేపర్లో సవరణ వేశాం. రెండు వరసలు, లోపలి పేజీలో, అడుగున. పిలిచినా రాలేదని రాయడం పొరపాటు, ఆమెను ఎవరూ పిలవలేదు అని రాశాను. కొడుకు వచ్చి నాలుగు కాపీలు కొనుక్కెళ్లాడు. మాస్టారిని అతను తిట్టలేదు, క్షమించానని చెప్పలేదు. విచారణ రోజు వరండాలో ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఈయన ఏదో అనబోయారు. అతను చెయ్యి అడ్డంగా ఊపి మెట్లు దిగిపోయాడు.

మాస్టారి ఉద్యోగం పోయింది. తీసేశారన్న కాగితం కూడా ఇవ్వలేదు, కాంట్రాక్టు పొడిగించలేదు అంతే. సాయంత్రాల గది పొద్దుటి గది అయింది. మనుషులు వస్తూనే ఉన్నారు, షీటులు మాయమవుతూనే ఉన్నాయి. ఆయన కుర్చీ వెనక నిలబడుతూనే ఉన్నారు. కానీ మెట్లెక్కుతూ అనే ఆ మాట మళ్లీ ఆయన నోట రాలేదు. ఒకసారి నా షీటులో ఒక పేజీ మొత్తం కనబడక పిలిచాను. "పోయిందంటారా?" అని నేనే అడిగాను, ఆ మాట వినాలనే ఆశతో. ఆయన తెర వంక చూసి, "వెతుకుదామండి" అన్నారు. దొరికింది. దొరికాక కూడా ఏమీ అనలేదు.

వరస తెగనివ్వని ఆ సూత్రాన్ని తాను పెట్టినచోటల్లా తీసేయడం మొదలుపెట్టారు. పిలవకుండానే వెళ్లేవారు. గూడెం, భీమడోలు, కైకలూరు. బస్సెక్కి వెళ్లి, పాత షీటులు తెరిపించి, సూత్రం తీసి, ప్రతి వరసకూ నంబరు చేత్తో కొట్టించేవారు. అలా కొట్టిన నంబరు మారదు. జల్లెడ పెడితే మధ్యలో నంబర్లు ఎగిరిపోయి కాగితం మీద ఖాళీ తెలుస్తుంది. ఎవరికీ నచ్చలేదు. ఉల్లిపాయల వ్యాపారి అయితే మొహం మీదే అన్నాడట. "వయసు మీద పడ్డాక పని మర్చిపోయేరేంటండీ మాస్టారూ? పన్నెండు తర్వాత పదిహేనంటే నా గుమాస్తా కూడా ఇంతకంటే నయంగా రాస్తాడు."

"వరస తప్పితే మీరు అడుగుతారండి. అందుకే" అన్నారట ఈయన.

నా షీటులోనూ తీశారు. వందల వరసలు. రెండు మధ్యాహ్నాలు నా చేత కొట్టించారు. రెండో రోజు నేను విసుక్కున్నాను, నావి చచ్చిన వార్తలు, ఏది కనబడకపోతే ఎవరికి నష్టం అని. ఆయన దువ్వెన తీసి, కిటికీ దగ్గరికి వెళ్లి, దాని పళ్లలో ఇరుక్కున్న దుమ్మును ఊదుకున్నారు.

పోయిన వానాకాలానికి ఆయన కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుంటున్నారు. కొల్లేరు మళ్లీ పొంగింది. నేను ఉద్యోగంలో లేను గానీ కాళ్లు ఊరుకోక కైకలూరు వైపు వెళ్లాను. అదే లంక కాదు, దాని అవతలిది. గట్టు మీద రెవెన్యూవాళ్లతో పాటు నన్నూ పడవ ఎక్కనిచ్చారు. రెయిన్‌కోటు వేసుకున్న కుర్ర వీఆర్వో ఒకాయన ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జాబితా చూసుకుంటూ ఒక్కో ఇంటి ముందూ పేరు పిలుస్తున్నాడు. జాబితా తీసిన ఆపరేటరమ్మ ఒకప్పుడు పవర్‌పేట గదిలో నేర్చుకున్నావిడేనని తర్వాత తెలిసింది. ఇరవై అయిదు పిలిచాడు. ఎక్కారు. తర్వాత నంబరు, ఇరవై ఏడు, చదవబోయి ఆగాడు. కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఇంజను ఆపమని డ్రైవరుకు చెయ్యి చూపించాడు.

"ఏవండీ, ఇరవై ఆరు ఎవరండీ?" అని గట్టు మీదకు కేకేశాడు.

ఎవరికీ తెలియలేదు. ఆఫీసుకు ఫోను కలిపాడు. వానలో సిగ్నలు అందక రెండుసార్లు తెగింది. డ్రైవరు గొణుక్కుంటున్నాడు. పడవలో పిల్లలు చలికి వణుకుతున్నారు. అతను కదలనివ్వలేదు. పావుగంట అలా నీళ్ల మధ్య ఆగి ఉన్నాం.

తర్వాతి మంగళవారం ఆసుపత్రికి వెళ్లి మాస్టారికి చెప్పాను. మిషను తిరుగుతోంది. చేతికి గొట్టాలున్నాయి. నేను చెబుతుంటే ఆయన పైకప్పు వంక చూస్తున్నారు. ఇంజను ఆపారని చెప్పగానే నావైపు తిరిగారు.

"ఎవరండీ ఇరవై ఆరు?"

ఆ ప్రశ్నకు నేను భయపడుతూనే ఉన్నాను. ఎవరూ లేరని చెప్పాను. రెండేళ్ల కిందటే ఆ కుటుంబం ఇల్లు పీకేసుకుని ఆకివీడు వెళ్లిపోయింది. ఆ వరసను షీటులోంచి తీసేశారు, అందుకని నంబరు ఎగిరింది. పావుగంట ఆగింది ఖాళీ స్థలం కోసం. పడవవాళ్లు నవ్వుకున్నారు కూడా. ఆయన్ని సంతోషపెట్టాలని మొదలుపెట్టిన కబురు ఇలా ముగిసినందుకు నాకే చిన్నతనంగా అనిపించి, మాట మార్చబోయాను.

ఆయన గొట్టాలు లేని చేతిని కొంచెం ఎత్తారు, ఆగమన్నట్టు.

"అడిగేరు కదండీ" అన్నారు.